ఓపెరాలో పాడకపోతే సింగర్ కాదా?

నిన్న రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అమెరికన్ గాయని డొరోతీ మేనర్ పాట పెట్టాను. పాత రికార్డు, వెనకాల గరగరమంటూనే ఉంటుంది. పై స్వరానికి వెళ్లినా ఆవిడ గొంతు పెంచదు. సన్నటి దారంలా లాగి అక్కడే నిలబెడుతుంది. సరిగ్గా అప్పుడే మా బావ ఫోన్‌లోంచి తలెత్తి "ఏ ఓపెరాల్లో చేసింది?" అన్నాడు. ఓపెరా అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం. ఏ ఓపెరాలోనూ వేషం వేయలేదన్నాను. "ఓహో, అయితే అంత పెద్ద సింగర్ కాదన్నమాట" అని మళ్లీ ఫోన్‌లో పడ్డాడు. ఇప్పటికీ నా కోపం చల్లారలేదు.

ఎందుకు వేయలేదో అడగాలి కదా! ఆవిడ నల్లజాతి మనిషి. 1939లో న్యూయార్క్ టౌన్‌హాల్‌లో తొలి కచేరీ చేసేనాటికి, అక్కడి పెద్ద ఓపెరా సంస్థ మెట్రొపాలిటన్ ఓపెరాలో నల్లవాళ్లకు పాత్రలిచ్చేవాళ్లే కాదు. మరో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు ఆ తలుపు తెరుచుకునేసరికి 1955 వచ్చింది. నిన్న నేను పెట్టింది 'లూయీజ్' అనే ఫ్రెంచి ఓపెరాలోని పాటే. మేనర్‌కు అంత పేరు తెచ్చిన ఆ ఓపెరాలో మేనర్‌కే వేషం లేదు. తల్చుకుంటే కడుపు మండిపోతుంది. 1975లో అదే మెట్రొపాలిటన్ ఆవిడను బోర్డులోకి తీసుకుంది. అప్పటికి అరవై దాటాయి. గొంతు మంచి వయసులో ఉన్నప్పుడు రానివ్వనివాళ్లు, పాడటం మానేశాక పిలిచి కుర్చీ వేశారు!

పైగా కచేరీ అంటే జనానికి చులకన. పక్కన పియానో ఒక్కటే ఉంటుంది. మైకు ఉండదు. కాస్త ఊపిరి తీసుకుందామంటే మధ్యలో ఇంకో పాత్ర వచ్చి పాడదు. జర్మన్ పాటల నుంచి తన పూర్వీకులు బానిసత్వంలో పాడుకున్న భక్తి పాటల దాకా, హాలంతటినీ ఒక్క గొంతే కూర్చోబెట్టాలి.

మా పెద్దమ్మ విషయంలోనూ ఇదే జరిగింది. ఇరవై ఏళ్లు రేడియోలో, నవరాత్రి పందిళ్లలో పాడింది. తోడి ఎత్తుకుంటే ముప్పావు గంట కదిలేవాళ్లం కాదు. అయినా ఏ పెళ్లికెళ్లినా "సినిమాల్లో పాడారా?" అన్న ప్రశ్నే. లేదనగానే వాళ్ల చూపు పక్కకి తిరిగేది. ఆవిడ కొంగు సర్దుకుంటూ నవ్వి ఊరుకునేది. పక్కన కూర్చున్న నాకు ఏడుపొచ్చేది.

బావా, అలా అడిగినవాళ్లలో నువ్వూ ఉన్నావు. అక్క పెళ్లిలో, నా ముందే అడిగావు. ఆదివారం వస్తావుగా, ఆ పాట మళ్లీ పెడతాను. అయ్యేదాకా ఫోన్ ముట్టుకోకు.