ఆగి ఉన్న లారీ గారికి

మహారాజశ్రీ ఆగి ఉన్న లారీ గారి సముఖానికి, నెల్లూరు నుంచి ఒక ప్రైవేటు పాఠశాల తెలుగు ఉపాధ్యాయుడు రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని కాగితాల్లో చూశాను. మీ వెనుక బంపరుకు అరచేతి వెడల్పు సొట్ట తప్ప మరే నష్టమూ జరగలేదట. నా కుడి తొడలో మాత్రం ఒక రాడ్డు, దానికి నాలుగు స్క్రూలు ఉన్నాయి.

మీకు రోజుకు ఎందరో తగులుతుంటారు కనుక నన్ను గుర్తుచేయక తప్పదు. 2025 జనవరిలో ఒంగోలులో బంధువుల ఇంట పెద్దకర్మకు వెళ్లి, మరునాడు బడి ఉన్నందున తెల్లవారుజామునే మా బావమరిది మోటారు సైకిలు వెనుక కూర్చుని బయలుదేరాను. (బస్సులో వెళ్లమని నా భార్య అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ రోజుకొకసారి వినబడుతూనే ఉంది.) టంగుటూరు టోల్‌గేటు దాటి సింగరాయకొండ వైపు వస్తుండగా, మంచులో, పదహారో నంబరు జాతీయ రహదారి మీద, సగం తారు మీదా సగం మట్టి మీదా తమరు చీమకుర్తి గ్రానైటు దిమ్మెలతో సహా విశ్రమించి ఉన్నారు. వెనుక లైటు లేదు. ఎర్ర రేడియం పట్టీ మీద వేలెడు మందాన రాతి దుమ్ము పేరుకుని ఉంది. హెచ్చరికగా మీ క్లీనరు కట్టిన వేపకొమ్మ ఒకటి ఉన్నమాట నిజమే గానీ, చీకట్లో అదీ మీతోపాటు నల్లగానే ఉంది.

న్యాయం చెప్పాలంటే, నన్ను మోసుకెళ్లి 108లో ఎక్కించింది మీ డ్రైవరే. రెండు రాత్రులుగా కన్ను మూయలేదని, టైరు పేలితే బండి పక్కకు లాగే చోటు దొరకలేదని నా తల పట్టుకుని చెబుతూనే ఉన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఈ లేఖ మీకే.

మరునాటి పత్రికలో మన వార్త వచ్చింది: ‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న ద్విచక్ర వాహనం’. ఇరవై ఏళ్లుగా పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెబుతున్న నాకు ఆసుపత్రి మంచం మీద ఆ వాక్యం చదివాక గానీ మీ ప్రజ్ఞ అర్థం కాలేదు. ఢీకొన్నది మేము కనుక కర్తలం మేమే. ద్వితీయా విభక్తి చాటున నిలబడిన మీరు కర్మ మాత్రమే. కర్మ మీదైనా అనుభవిస్తున్నది నేను కావడం వ్యాకరణానికి అందని విషయం. ఇక మీకు తగిలించిన విశేషణం చూడండి, ‘ఆగి ఉన్న’ దగ్గరే అదీ ఆగిపోయింది! ‘లైట్లు లేకుండా’, ‘తారు మీదే’ అన్నవి ఆ వాక్యంలోకి రావడానికి చోటు చాలలేదు కాబోలు.

పోలీసు వారు కూడా పత్రిక భాషే మాట్లాడారు. అజాగ్రత్తగా బండి నడిపినందుకు భారతీయ న్యాయ సంహిత (బి.ఎన్.ఎస్.) 281వ సెక్షను కింద మా బావమరిది నిందితుడయ్యాడు. రెండు రోజుల తరువాత బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి తనిఖీ చేసేసరికి మీరు స్నానం చేసి, రేడియం తళతళలాడుతుండగా, కొత్త బల్బులతో పెళ్లికొడుకులా నిలబడ్డారట. యంత్రలోపం ఏదీ లేదని ఆయన రాశారు. ఆ రోజుకు అది అక్షరాలా నిజం.

అయితే మోటారు వాహనాల చట్టానికి ఈ వ్యాకరణం పట్టదు. బండి కదలకపోయినా, ఇతరులకు ప్రమాదం కలిగే విధంగా బహిరంగ ప్రదేశంలో దాన్ని నిలిపి ఉంచకూడదని 1988 నాటి ఆ చట్టం 122వ సెక్షను చెబుతోంది. రోడ్డు మధ్యలో పార్కింగు లైట్లు లేకుండా నిలిపిన గ్యాసు ట్యాంకరును కారు ఢీకొన్న ఒక కేసులో, సగం తప్పు కారు నడిపినవాడిదేనని హైకోర్టు తేల్చగా, 2018లో సుప్రీంకోర్టు దాన్ని పక్కనబెట్టి మొత్తం బాధ్యత ట్యాంకరుదేనని నిర్ణయించింది. మీ జాతికి అదొక దుర్దినం. మీరు సంతాప దినం పాటించినట్టు మాత్రం దారిలో ఎక్కడా కనబడలేదు.

2022 ఏప్రిల్ నుంచి నష్టపరిహారం క్లెయిము వేయడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలే గడువు కనుక, చంకలో కర్రలతోనే వెళ్లి జూన్‌లో నెల్లూరులోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఓ.పి. (పరిహారం కోరే అర్జీ) దాఖలు చేశాను. ప్రమాదం ప్రకాశం జిల్లాలో జరిగినా బాధితుడు తాను ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చునని చట్టం దయతలచింది. అక్కడ మీ తరఫున ఇన్సూరెన్సు వకీలు గారు రెండు వాదనలు పెట్టారు.

మొదటిది మా కుటుంబానికి సంబంధించినది. సగం తప్పు మోటారు సైకిలుది కనుక ఆ సగం మా బావమరిది ఇవ్వాలని, అతన్ని కూడా పార్టీగా చేర్చాలని ఆయన పిటిషను వేశారు. ఆ బండికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే. అది వెనుక కూర్చున్నవాడికి వర్తించదు. అంటే ఆయన కోరిక ప్రకారం నేను నా భార్య తమ్ముడి మీద డిక్రీ తెచ్చుకుని, అతని అరెకరం మాగాణి జప్తు చేయించి, ఆ రాత్రి భోజనానికి ఇంటికి వెళ్లాలి. ఇద్దరి అజాగ్రత్త కలిసి మూడోవాడికి గాయం చేసినప్పుడు ఆ మూడోవాడు ఎవరో ఒకరి నుంచే మొత్తం రాబట్టుకోవచ్చునని సుప్రీంకోర్టు 2015లో చెప్పి ఉండకపోతే, మా ఇంట సంక్రాంతికి అల్లుడి మర్యాదలు శాశ్వతంగా ఆగిపోయేవి.

రెండోది నా వృత్తికి సంబంధించినది. మెడికల్ బోర్డు నా కాలికి 30 శాతం వైకల్యం రాసింది. నా జీతం నెలకు 20,000 రూపాయలు, వయస్సు 43. 2009 నాటి సుప్రీంకోర్టు పట్టిక ప్రకారం ఈ వయస్సుకు గుణకం 14, అంటే ఏడాది జీతాన్ని పద్నాలుగుతో గుణించాలి కనుక లెక్క 33,60,000కు చేరుతుంది. సంపాదన శక్తి 15 శాతమే తగ్గిందనుకున్నా 5,04,000 రావాలి. వకీలు గారు మాత్రం ఒక్క శాతం కూడా తగ్గలేదన్నారు. ‘మాస్టారూ, పాఠం నోటితో చెబుతారా, కాలితో చెబుతారా?’ అని అడిగారు. కోర్టు హాలులో ఇద్దరు ముగ్గురు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. నోటితోనేనని, కానీ రోజుకు ఆరు పీరియడ్లు ఆ నోటిని నిలబెట్టి ఉంచేది కాలేనని మనవి చేసుకున్నాను. మా యాజమాన్యం నాకు కుర్చీ వేసి, ‘వచ్చే ఏడు సంగతి అప్పుడు చూద్దాం మాస్టారూ’ అన్న మాట కూడా చెప్పాను. వైకల్యం శాతాన్ని యథాతథంగా నష్టం శాతంగా తీసుకోక, ఆ మనిషి చేసే పనికి ఆ అవయవం ఎంత అవసరమో చూడాలని సుప్రీంకోర్టు 2011 తీర్పు ఉన్నదని మా వకీలు చదివి వినిపించారు. కేసు వాయిదా పడింది.

మొన్న వాయిదాకు కాగితాల కోసం ఒంగోలు వెళ్లి, ఈసారి మా ఆవిడ మాట విని, బస్సులో తిరిగి వస్తుంటే సింగరాయకొండ దగ్గర మళ్లీ మీ దర్శనం అయింది. మీరు కాకపోతే మీ సోదరులు అయి ఉంటారు. సగం తారు మీదే, పట్టా కప్పుకుని. ఈసారి వేపకొమ్మకు బదులు మూడు రాళ్లు పేర్చి ఉన్నాయి. మీరు కదిలి వెళ్లిపోయాక ఆ రాళ్లు రోడ్డు మీదే ఉంటాయన్న సంగతి మీ క్లీనరుకు ఒకసారి గుర్తుచేయగలరు. వాటిమీద ఎవరైనా పడితే పత్రికవారు రాళ్లకు ఏ విశేషణం వాడాలో తెలియక ఇబ్బంది పడతారు.

ఇట్లు,
మిమ్మల్ని వెనుక నుంచి ఢీకొన్న బండి మీద, మరింత వెనుక కూర్చున్నవాడు