ఈ 20 మార్కులు ఎవరివి?

పదో తరగతిలో బడే వేసే అంతర్గత మార్కులు తీసేస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించింది. ఏడాది తిరక్కుండానే మళ్లీ 80-20 పద్ధతికే, అంటే ఏడాది చివరి పరీక్షకు 80, అంతర్గతానికి 20 మార్కులకే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లోనే వాటిని ఎత్తేసింది. ఉంచాలా, తీయాలా అన్నదే చర్చ. ఆ 20 మార్కులు ఎలా పడుతున్నాయని అడిగే నాథుడు లేడు.

కాగితం మీద అంతా బాగుంది. తరగతిలో భాగస్వామ్యానికి 5, రాతపనులకు 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టు అనే చిన్న రాత పరీక్షకు 5. ఏడాదికి 4 విడతలు. చాలా బడుల్లో జరిగేది వేరు. ప్రాజెక్టు గైడులోంచి దిగుతుంది, అట్ట మీద పేరొక్కటే మారుతుంది. స్లిప్ టెస్టు ప్రశ్నలు ముందురోజే జవాబులతో సహా బోర్డెక్కుతాయి. చివరికి అందరికీ 19, 20. రాని చదువు వచ్చిందని బడే సంతకం పెడుతోంది.

ఈ అబద్ధం పదిలో పుట్టింది కాదు. రెండో తరగతి పాప క గుణింతం గడగడా అప్పజెబుతుంది. మధ్యలో 'కో' మీద వేలు పెడితే మళ్లీ 'క' దగ్గర్నుంచి అందుకోవాల్సిందే. మూడో తరగతిలో 52లోంచి 27 తీసేయమంటే 35 వేస్తారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేస్తారు. 'పక్కింటి నుంచి అప్పు' అన్న మాట నోటికి వచ్చు, ఆ అప్పు ఒక పది అని తెలియదు. పదేసి పుల్లల కట్టలు 5, విడి పుల్లలు 2 చేతికిచ్చి, ఒక కట్ట విప్పించి 12 చేయిస్తే తెలుస్తుంది. అది మానేసి, తప్పు కొట్టి, 25 అని రాయించి పేజీ తిప్పేస్తున్నారు. ఆ పేజీకీ సంతకం ఉంటుంది!

ఏకోపాధ్యాయ బడులు, బోధనేతర పనుల భారం గురించి ఉపాధ్యాయులు చెప్పేది నిజమే. రాని చదువుకు మార్కులు వేయడానికి మాత్రం అది సాకు కాదు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 24 ఏమంటోంది? ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం టీచరు విధి అంటోంది. అంటే చదువు వస్తుందన్న హామీ బడి ఇవ్వాల్సిందే.

తనిఖీ అధికారులు రిజిస్టరు చూసి వెళ్లిపోవడం ఆపాలి. తరగతికి అయిదుగురిని తామే ఎంచుకోవాలి. పుస్తకంలో లేని అంకెలతో లెక్క ఇవ్వాలి. ప్రాజెక్టు చేతికిచ్చి 'ఇదెలా చేశావు?' అని అడగాలి. మార్కులకూ జవాబుకూ పొంతన లేకపోతే ఆ బడి అంతర్గత మార్కులన్నీ నిలిపేసి మళ్లీ పరీక్ష పెట్టాలి. యాజమాన్యాలు నొచ్చుకుంటాయని విద్యాశాఖ వెనకాడితే, ఫలితాల రోజున ఉత్తీర్ణత శాతం చదవడానికి మైకు ముందుకు రావద్దు.