సాకు చెప్పడం కూడా మానేస్తే

ప్రపంచం మారిపోతోందన్న మాట ఇప్పుడు నలుగురు కూడిన ప్రతిచోటా వినిపిస్తోంది. అమెరికా పని అయిపోయిందని ఒకరు, రాబోయే కాలమంతా చైనాదేనని ఇంకొకరు, అదేం లేదు, బలం ఒకరిద్దరి దగ్గర కాక పలు దేశాల చేతుల్లో ఉండే బహుళధ్రువ ప్రపంచం ఎప్పుడో వచ్చేసిందని మూడో ఆయన. గంటల తరబడి సాగే ఈ చర్చల్లో చాలావాటిని మేమూ శ్రద్ధగానే వింటాం, నిజం చెప్పాలంటే కొన్నిటిని మేమే మొదలుపెడతాం కూడా. కానీ ఎంత లోతుకు వెళ్లినా చివరికి అది ఆటలో స్కోరు చెప్పుకున్నట్టే తయారవుతుంది. ఎవరు పైకి, ఎవరు కిందికి అన్నదే లెక్క. ఆ ఆటలో లేని దేశాల సంగతేంటని అడిగేవాళ్లు తక్కువ.

కర్ర ఉన్నవాడిదే బర్రె. ఈ సంగతి 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద సంతకాలు పెట్టినవాళ్లకి తెలియక కాదు. తెలుసు కాబట్టే కర్ర చేతిలో ఉన్న అయిదుగురిని (అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా, ఇప్పుడు రష్యా ఉన్న చోట అప్పటి సోవియట్ యూనియన్) భద్రతామండలిలో శాశ్వతంగా కూర్చోబెట్టి, చేతికి వీటో ఇచ్చి, మీకు ఇష్టం లేని నిర్ణయం ఏదీ జరగదు, లోపలే ఉండండి చాలు అని బతిమాలుకున్నంత పని చేశారు. బదులుగా మిగతా దేశాలకు దక్కింది కాగితం మీద ఒక వాక్యం. ఏ దేశమూ ఇంకో దేశపు సరిహద్దుల మీదకి బలప్రయోగానికి దిగకూడదు, బెదిరించనూ కూడదు అని. అన్యాయమైన బేరమే. అయినా ఆర్మీ అంటూ పెద్దగా లేని దేశాలకు అంతకుమించిన రక్షణ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ బేరం ఎంత వింతగా ఉంటుందో చూడాలంటే 2022 ఫిబ్రవరి 23 రాత్రి న్యూయార్క్‌లోని మండలి హాలు చాలు. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధానికి దిగకుండా ఆపాలని అత్యవసరంగా సమావేశమయ్యారు. అధ్యక్ష పీఠం నెలకొకరికి వంతులవారీగా వస్తుంది కదా, ఆ నెల వంతు రష్యాది. దొంగ చేతికే తాళాలు. సమావేశం జరుగుతుండగానే అక్కడ మాస్కోలో పుతిన్ టీవీలోకి వచ్చి సైనిక చర్య ప్రకటించారు. ఇంకేం మాట్లాడాలో రాసుకొచ్చిన కాగితాలు అందరి చేతుల్లోనూ వృథా అయిపోయాయి. ఉక్రెయిన్ రాయబారి కిస్లిత్సా చేతిలో ఫోన్ పట్టుకుని, మీ అధ్యక్షుడు యుద్ధం ప్రకటించేశారు, మీ విదేశాంగ మంత్రికి ఇక్కడి నుంచే ఫోన్ చేసి కనుక్కోండి అని అధ్యక్ష స్థానంలో ఉన్న రష్యా రాయబారి నెబెంజ్యాని నిలదీశారు. ఇది యుద్ధం కాదు, ప్రత్యేక సైనిక చర్య అని ఆయన సమాధానం. రెండు రోజుల తర్వాత ఖండన తీర్మానం ఓటుకు వచ్చింది. 15 మందిలో 11 మంది అనుకూలం, చైనా, భారత్, యూఏఈ తటస్థం, రష్యా వ్యతిరేకం. ఆ ఒక్క చెయ్యి లేచింది కాబట్టి తీర్మానం చచ్చిపోయింది.

ఇక్కడిదాకా చదివి తలూపుతున్నవాళ్లు ఇంకో తేదీ కూడా చూడాలి. 2023 డిసెంబర్ 8. గాజాలో కాల్పులు ఆపాలన్న తీర్మానం. సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్, శాంతికి ముప్పు ఉందని మండలిని హెచ్చరించడానికి చార్టర్‌లో ఉన్న, చాలా అరుదుగా వాడే 99వ అధికరణం కింద మండలికి లేఖ రాశాక వచ్చింది అది. 13 మంది అనుకూలం, బ్రిటన్ తటస్థం, అమెరికా వ్యతిరేకం. మళ్లీ అదే ఒక్క చెయ్యి. నాలుగు రోజులకి అన్ని సభ్య దేశాలూ ఉండే సర్వప్రతినిధి సభలో అదే డిమాండ్‌కి 153 దేశాలు ఓటేశాయి, కానీ ఆ సభ మాటకి బరువు ఉంటుంది, బలం ఉండదు. మొదటి వీటోకి ఊగిపోయిన వాళ్లు రెండోదానికి కారణాలు వెతికారు, రెండోదానికి ఊగిపోయిన వాళ్లు మొదటిదానికి 'నాటో విస్తరణ' (అమెరికా ముందుండి నడిపే సైనిక కూటమి రష్యా వైపు పెరగడం) అని పాఠం చెప్పారు. ఒకే కొలతతో రెండింటినీ కొలిచిన దేశాలు, పార్టీలు, పత్రికలు ఎన్ని? మేమూ అన్నిసార్లూ కొలిచామని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేం.

అయితే ఇదంతా పాత కథే కదా, పెద్ద దేశాలు ఎప్పుడు నియమాలు పాటించాయి గనక అంటారు. నిజమే, పాటించలేదు. కానీ అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఇదే మండలిలో కూర్చుని, రెండు వేళ్ల మధ్య చిన్న గాజు సీసా పట్టుకుని చూపించారు. అడుగున చిటికెడు తెల్లపొడి. ప్రాణాలు తీసే ఆంత్రాక్స్ క్రిమి ఇంత ఉంటే చాలు, ఇరాక్ దగ్గర ఎంత ఉందో ఊహించుకోండి అన్నట్టు. ఆ యుద్ధానికి చెప్పిన కారణం అబద్ధమని తర్వాత తేలింది, లక్షల మంది ప్రాణాలు మాత్రం పోయాయి. దాన్ని మేం ఏ రకంగానూ సమర్థించం. కానీ ఒక్కటి గమనించండి. ప్రపంచంలో తిరుగులేని సైన్యం ఉన్న దేశం కూడా ఆ రోజు ఆ గదికి వచ్చి, చిన్నా పెద్దా దేశాల ముందు సాకు చెప్పుకోవాలనుకుంది. పుతిన్ కూడా దాడి ప్రకటించిన ఆ ప్రసంగంలోనే ఆత్మరక్షణ హక్కునిచ్చే 51వ అధికరణాన్ని ప్రస్తావించారు. సాకు చెబుతున్నాడంటే తప్పని తెలుసన్నమాట. తప్పన్నది ఒకటుందని ఒప్పుకున్నట్టే. చిన్న దేశం పట్టుకుని వేలాడటానికి ఉన్న తాడు అదొక్కటే.

ఆ తాడే ఇప్పుడు తెగుతోందని మా భయం. 2025 జనవరిలో, ఇంకా పదవీ ప్రమాణం కూడా చేయకముందే, గ్రీన్‌లాండ్, పనామా కాలువల కోసం సైనిక బలం వాడనని హామీ ఇస్తారా అని ట్రంప్‌ని అడిగితే ఇవ్వలేనన్నారు. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగం, డెన్మార్క్ నాటోలో సభ్య దేశం, అంటే సొంత మిత్రుడు. సీసా లేదు, పొడి లేదు, అధికరణం లేదు. మాకు కావాలి, అంతే. అదే ఏడాది ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ యుద్ధానికి సరిగ్గా మూడేళ్లు నిండిన రోజు, రష్యా దురాక్రమణను తప్పుబట్టిన సర్వప్రతినిధి సభ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసిన వాళ్లలో రష్యా, బెలారస్, ఉత్తర కొరియాలతో పాటు అమెరికా ఉంది. 2022 మార్చిలో 141 దేశాలు నిలబడిన చోట ఈసారి 93 మిగిలాయి. అదే రోజు మండలిలో దురాక్రమణ అన్న మాటే లేని అమెరికా తీర్మానం రష్యా ఓటుతో కలిపి 10 ఓట్లతో గట్టెక్కింది. బ్రిటన్, ఫ్రాన్స్ వీటో వేసి ఆపొచ్చు, వేయలేదు. (1989 డిసెంబర్ తర్వాత ఆ రెండూ వీటో జోలికే పోలేదు.)

దీని ఫలితం ఎక్కడ తేలుతుందో తెలుసా? బాంబుల దగ్గర. సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ఉక్రెయిన్ గడ్డ మీద మిగిలిన అణ్వాయుధాలు ప్రపంచంలో మూడో అతి పెద్ద నిల్వ. వాటిని వాడే మీటలు మాస్కో చేతిలోనే ఉన్నాయి, అది వేరే సంగతి. 1994 డిసెంబర్‌లో బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు పెట్టి నీ సరిహద్దుల్ని గౌరవిస్తాం అన్నాక ఉక్రెయిన్ వాటన్నిటినీ అప్పగించేసింది. ఆ ఒప్పందంలో భరోసా అన్నారు గానీ గ్యారంటీ అనలేదు, ఆ ఒక్క పదం కోసం అప్పట్లో గట్టి బేరమే నడిచింది. 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాని రష్యా కలిపేసుకుంది. లిబియా 2003లో అణ్వాయుధ కార్యక్రమం వదులుకుంది, 2011లో దాని పాలకుడు గద్దాఫీని కూలదోసి చంపడం అందరూ చూశారు. ఉత్తర కొరియా ఎవరి మాటా వినకుండా 2006లో అణు పరీక్ష చేసింది, ఇప్పుడు దాని మీద చెయ్యి వేసే సాహసం ఎవరూ చేయరు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసే రక్షణ మంత్రి ఏ దేశంలో ఉన్నా ఏ నిర్ణయానికి వస్తాడో చెప్పక్కర్లేదు. ఇలాంటి టెన్షన్‌తో నిద్రపట్టని రాజధానులు పెరిగే కొద్దీ ప్రపంచం బహుళధ్రువమైందని సంబరపడటానికి ఏముంది?

పాత వ్యవస్థ పోతే పోనీ, అది మనకేం చేసింది అనే కోపం ఆసియా, ఆఫ్రికా దేశాల్లో చాలా ఉంది. అందులో తప్పేం లేదు. 140 కోట్ల జనాభా ఉన్న భారత్‌కి గానీ, మొత్తం ఆఫ్రికా ఖండానికి గానీ శాశ్వత స్థానం లేని మండలిని న్యాయమైనదని ఎవరు మాత్రం అంటారు. కానీ 2022 ఫిబ్రవరిలో, దాడికి సరిగ్గా ముందు, అదే మండలిలో కెన్యా రాయబారి మార్టిన్ కిమానీ చెప్పింది వినాలి. ఆఫ్రికా సరిహద్దులు గీసింది మేం కాదు, లండన్, పారిస్, లిస్బన్‌లలో గీశారు, అయినా వాటి కోసం ఇంకా నెత్తురు పారించుకోకూడదని ఉన్నవాటితోనే సర్దుకున్నాం అన్నారాయన. నియమం విలువ అందరికన్నా ఎక్కువ తెలిసింది దానివల్ల నష్టపోయిన వాళ్లకే. కొత్త కూటములు ఆ లోటు తీరుస్తాయా అంటే, రష్యా, చైనా, భారత్ లాంటి దేశాల కూటమి బ్రిక్స్‌లో సభ్యులు పెరిగారు సరే, ఒక సభ్యుడు పొరుగుదేశం మీద పడితే మిగతావాళ్లు ఏం చేస్తారన్నది మనం చూసేశాం. ఇక సూడాన్. అక్కడ అంతర్యుద్ధం వల్ల 2023 ఏప్రిల్ నుంచి కోటి మందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు. 2024 నవంబర్‌లో కాల్పులు ఆపాలన్న తీర్మానానికి చైనా సహా 14 మంది ఓటేస్తే రష్యా ఒక్కటే అడ్డుపడింది. ఆబోతుల కుమ్ములాటలో లేగదూడలు నలగడమంటే ఇదే, మొదట్లో చెప్పుకున్న ఆ గంటల తరబడి చర్చల్లో సూడాన్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకోండి.

వీటోని రద్దు చేయాలన్న డిమాండ్ వినసొంపుగా ఉంటుంది, అయ్యే పని మాత్రం కాదు. రద్దు చేయడానికి చార్టర్ సవరించాలి, సవరణకు ఆ అయిదుగురూ ఒప్పుకోవాలి. మరి ఏం చేయొచ్చో చూపించింది ఎవరంటే 1868లోనే సైన్యాన్ని ఎత్తేసిన, మ్యాపులో వెతుక్కోవాల్సిన లిక్టెన్‌స్టైన్. మండలిలో ఎవరు వీటో వేసినా పది పనిదినాల్లో సర్వప్రతినిధి సభ సమావేశమై దాని మీద చర్చ పెట్టాలి, వేసినవాళ్లకే మొదట మాట్లాడే అవకాశం ఇవ్వాలి అన్న తీర్మానం ఆ దేశం తెచ్చింది. 2022 ఏప్రిల్ 26న ఓటింగ్ కూడా అక్కర్లేకుండా ఆమోదం పొందింది. వీటో పోలేదు, వేసినవాళ్లకు శిక్షా లేదు, కనీసం వచ్చి తీరాలన్న బలవంతం కూడా లేదు. అదే ఏడాది జూన్‌లో ఈ నియమం కింద మొదటి చర్చ జరిగింది. ఉత్తర కొరియా మీద కొత్త ఆంక్షల్ని అడ్డుకున్న చైనా, రష్యా ప్రతినిధులు ఇద్దరూ వచ్చారు, 193 దేశాల సభ ముందు నిలబడి, ఎందుకు అడ్డుకున్నారో చెప్పి వెళ్లారు.