మాఫియా పెద్దలకు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి

మహారాజశ్రీ మాఫియా కుటుంబ పెద్దల దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీరు కులాసాగా లేరని తెలిసి ఆగాను.

ఎలా ఉంటారు లెండి! 1970లో అమెరికా వాళ్లు రికో చట్టం తెచ్చాక చంపినవాడితో పాటు చంపమన్న పెద్దాయన కూడా లోపలికెళ్లడం మొదలైంది. ఇటలీలో మీ సొంత ఊరు పలెర్మోలోనైతే 1986లో జైలు పక్కనే బంకర్ కోర్టు కట్టించి మరీ 475 మందిని విచారణకు పెట్టారు. ఇక నోరు విప్పకూడదన్న మీ ఒమెర్టా సంగతి! న్యూయార్క్‌లో గ్రవానో 19 హత్యల్లో చెయ్యుందని ఒప్పుకుని, బాసు గొట్టీ మీదే సాక్ష్యం చెప్పి, ఐదేళ్ల శిక్షతో సరిపెట్టుకున్నాడు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో రహస్యమే ఇంతకన్నా నయం.

నాకు బాగా నచ్చింది మీ సిసిలీ పెద్ద బాసు ప్రొవెంజానో గారి కథ. 1963 నుంచి 43 ఏళ్లు దొరకలేదు. ఫోన్ జోలికి పోకుండా, చిన్న చిన్న చీటీల మీద టైపు కొట్టి పెత్తనం చేశాడు. 2006లో ఇంటి నుంచి వెళ్లిన ఉతికిన బట్టల మూట వెంటపడి పట్టుకున్నారు. ఇది విని మా ఆవిడ, "చూశారా, తన బట్టలు తనే ఉతుక్కుని ఉంటే ఈ గొడవ ఉండేదా" అంది.

మీ మీద జాలి లేదు. జడ్జి ఫాల్కనేని, ఆయన భార్యని, ముగ్గురు గార్డులని హైవే కింద బాంబు పెట్టి చంపినవాళ్లు మీరు. మరి ఈ ఉత్తరం ఎందుకంటే, మీ వ్యాపారంలోకి కొత్తవాళ్లు దిగారు.

పోయిన నెల మా బాబాయికి వీడియో కాల్ వచ్చింది. పోలీసు డ్రెస్సులో ఒక కుర్రాడు. "మీ పేరున పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అన్నాడు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. బాబాయికేం తెలుసు? బనియన్ మీదున్న మనిషి లేచి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ఫోన్ ముందు కూర్చున్నాడు. "సార్, షుగర్ మాత్ర వేసుకోవచ్చా" అని అడిగి వేసుకున్నాడు. పిన్ని అన్నానికి పిలిస్తే, "ష్, అరెస్టులో ఉన్నా" అన్నాడట. రెండో రోజు ఎఫ్‌డీ బ్రేక్ చేసి పంపేశాడు.

మీరు వసూలు చేసే పిజ్జోని మేం మామూలు అంటాం. దానికోసం ఒక మనిషి కొట్టు దాకా నడిచి రావాలి. వచ్చే నెల ఇస్తానని బతిమాలుకోవచ్చు. 2004లో పలెర్మో కుర్రాళ్లు మీకు ఎదురుతిరిగి ఊరంతా స్టిక్కర్లు అంటించారు. మా బాబాయి ఎక్కడ అంటించాలి? ఆ ఫోన్ చేసినవాడు కూడా, ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి పాస్‌పోర్టు లాక్కున్న ఏ మన తెలుగు పిల్లాడో కావచ్చు. అరెస్టు చేసినవాడే అరెస్టులో ఉన్నాడన్నమాట.

జపాన్‌లో మీ యాకుజా చుట్టాలు 1963లో 1,84,000 మంది. ఇప్పుడు 20,000 కూడా లేరు, సగానికి పైగా యాభై దాటినవాళ్లే. వాళ్ల పేరు మీద బ్యాంకు ఖాతా ఇవ్వరు, సెల్‌ఫోనూ ఇవ్వరు. మా బాబాయికన్నా భద్రంగా ఉన్నారు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. కేసు నడుస్తోంది. తెలియని నంబరు మోగితే బాబాయి ఇప్పటికీ ముందు చొక్కా వెతుక్కుంటాడు.

ఇట్లు,
ఆ చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టే అన్నకొడుకు