ఇనప యంత్రానికి ప్రొటీన్ పౌడర్ అమ్మిన పత్రికకు

మహారాజశ్రీ 'మజిల్ అండ్ ఫిట్‌నెస్' పత్రిక పాత సంచికల గారికి,

ఉభయకుశలోపరి. కండలు పెంచేవాళ్ల అమెరికా పత్రికగా మీరు సైన్స్ ఫిక్షన్ సినిమా చూసే పద్ధతి గురించి రెండు మాటలు విన్నవించుకుందామని ఈ ఉత్తరం. లోకమంతా తెర మీద అంతరిక్ష నౌకనో, రోబోనో చూస్తుంది. మీరు భుజాలు చూస్తారు. అణుయుద్ధంలో మనుషులంతా పోయారన్నా మీ సందేహం ఒక్కటే: హీరో ఛాతీకి ఎన్ని సెట్లు చేశాడు?

1984లో వచ్చిన 'ది టెర్మినేటర్' సంగతే తీసుకోండి. అందులో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ మనిషి కాడు. లోపల లోహపు అస్థిపంజరం, పైన మాంసం తొడుగు. బలమంతా యంత్రానిది, కండ ఉత్త కవరు. ఆ కవరును చూపించి కూడా పాఠకుడి చేత ప్రొటీన్ డబ్బా కొనిపించగల ధైర్యం మీకే ఉంది.

పైగా ఆ యంత్రం పని జనంలో కలిసిపోయి, ఎవరికీ అనుమానం రాకుండా చంపడం. అందుకే దర్శకుడు జేమ్స్ కామెరాన్ మొదట గుంపులో కంటికి ఆనని నటుడు లాన్స్ హెన్రిక్సన్‌ను ఆ వేషానికి అనుకున్నాడు. చివరికి మిస్టర్ ఒలింపియా అనే కండల పోటీని ఏడుసార్లు గెలిచిన ఆర్నాల్డ్ వచ్చి రహస్యంగా తిరిగాడు! మామూలు ప్రేక్షకుడు నవ్వుకుని ఉంటాడు. మీ పాఠకుడికి ఆ అనుమానమే రాదు, మీ పేజీల్లో అందరూ అలాగే ఉంటారు కదా. అదే సినిమాలో భవిష్యత్తు దృశ్యంలో కనబడే ఇంకో టెర్మినేటర్ ఫ్రాంకో కొలంబు. ఆయనా మిస్టర్ ఒలింపియాయే. చూడబోతే ఆ యంత్రాల ఫ్యాక్టరీ కాలిఫోర్నియా జిమ్ములోనే ఉన్నట్టుంది.

పాపం డేవిడ్ ప్రౌజ్ మాత్రం మీకు పనికిరాలేదు. (అప్పటికి మీ పేరు ఇంకా 'మజిల్ బిల్డర్' లెండి.) బ్రిటన్ వెయిట్‌లిఫ్టింగ్ ఛాంపియన్, 1977 'స్టార్ వార్స్'లో విలన్ డార్త్ వేడర్ శరీరం ఆయనదే. కానీ నల్ల దుస్తుల కింద అంగుళం కండ కనబడలేదు. గొంతు కూడా జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. మరుసటి ఏడాది 'సూపర్‌మ్యాన్' కోసం సన్నటి క్రిస్టఫర్ రీవ్‌కి కండలు పెంచింది కూడా ప్రౌజే. కథలో సూపర్‌మ్యాన్‌కి బలం వచ్చేది మన సూర్యుడి నుంచి. ఊరికే ఎండలో నిలబడితే చాలంటే మీ డబ్బాలు ఎవరు కొంటారు?

అసలు మిమ్మల్ని నిలదీయాల్సింది 1991 నాటి 'టెర్మినేటర్ 2' గురించి. అందులో కండలున్నది పాత మోడల్. కొత్త మోడల్ రాబర్ట్ పాట్రిక్ వేసిన సన్నటి పోలీసు, ఒళ్లంతా ద్రవలోహం. ఆ బక్కాయన మీ కొండంత హీరోని గోడలకేసి కొడతాడు. అంటే కండ దండగని యంత్రాలే తేల్చేశాయి. ఇది మీకు ఎలా మింగుడుపడింది? ఎంత పరిగెత్తినా ఆయాసం కనబడకూడదని పాట్రిక్ ముక్కుతోనే ఊపిరి తీయడం సాధన చేశాడట. అందులో అమ్ముకోవడానికి ఏముంది, గాలి తప్ప!

ఒక్క విషయంలో మాత్రం మీతో పేచీ లేదు. అదే సినిమాలో లిండా హామిల్టన్ ఆస్పత్రి మంచాన్ని నిలబెట్టి పుల్-అప్స్ తీస్తుంది. ఆ చేతులు ముచ్చటకు పెంచినవి కావు, కొడుకును కాపాడుకోవాల్సిన తల్లి చేతులు. కథే వాటిని అడిగింది. అక్కడ మీరు సెట్లూ రెప్స్ లెక్కపెట్టినా తప్పనిపించదు.

మిగతా చోట్ల లెక్క వేరు. మీ అప్పటి యజమాని జో వీడర్ గారిదే పత్రిక, ఆయనవే డబ్బాలు. 1968లో ఆర్నాల్డ్‌ను అమెరికాకు రప్పించిందీ ఆయనే. కండలు పెంచే మందులైన స్టెరాయిడ్లకు బదులు తమ మాత్రలు చాలునన్న ప్రచారాన్ని ఆయన కంపెనీ 1985లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుబట్టాక మానుకోవాల్సి వచ్చింది. తాను స్టెరాయిడ్లు వాడానని ఆర్నాల్డే తర్వాత ఒప్పుకున్నాడు.

ఇక 2004లో, కాలిఫోర్నియా గవర్నరుగా ఉండగానే, సాక్షాత్తూ ఆ టెర్మినేటరే మీకు ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ అయ్యాడు. సప్లిమెంట్ల ప్రకటనల డబ్బుతో ఆయన జీతానికి ముడి ఉందని గొడవై, 2005లో తప్పుకున్నాడు. యంత్రాలు పెత్తనం చేపడతాయని సినిమా చెప్పిన జోస్యం మీ ఆఫీసులో అలా ఏడాదికి పైగా నిజమైంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
సన్నటి చేతుల పాఠకుడు