నాలుగో కాలు లెక్కపెట్టకండి

బేస్‌బాల్‌లో అంపైర్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నూరేళ్లకు పైగా ఏ గొడవా లేకుండా నడిచిన ఏర్పాటిది. అంటే గొడవలయ్యాయి గానీ, కాళ్లు మాత్రం మూడే ఉన్నాయి. రీప్లే వచ్చి నాలుగోది చూపించాకే ఆట పరువు పోయింది.

2010 జూన్ 2 సంగతే చూడండి. డెట్రాయిట్‌లో టైగర్స్ జట్టు పిచర్ (మన బౌలర్ లాంటివాడు) అర్మాండో గలరాగా, క్లీవ్‌లాండ్ బ్యాటర్లను వరసగా 26 మందిని వెనక్కి పంపాడు. ఒక్కడూ బేస్ చేరలేదు. ఇంకొక్కడు అవుటైతే పర్‌ఫెక్ట్ గేమ్. మేజర్ లీగ్ చరిత్ర మొత్తంలో అప్పటికి 20 సార్లే జరిగిన ముచ్చట. 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ బంతిని నేలబారుగా కొట్టాడు. టైగర్స్ ఫీల్డర్ కబ్రేరా అందుకుని విసిరాడు, గలరాగా పరుగున వచ్చి పట్టుకుని ఫస్ట్ బేస్ తొక్కాడు. డొనాల్డ్ ఇంకా బేస్ దాకా రానేలేదు, అంటే అవుటే. అంపైర్ జిమ్ జాయిస్ రెండు చేతులూ బార్లా చాపి ‘సేఫ్’ అన్నాడు, అంటే నాటౌట్.

గలరాగా నవ్వాడు! మా వీధి క్రికెట్‌లో అయితే బ్యాటు ఎవరిదో వాడు బ్యాటు చంకన పెట్టుకుని ఇంటికి పోయేవాడు. రీప్లే ఉండుంటే ఆ నవ్వు మనకు దక్కేదా?

సోఫాలో కూర్చుని చిప్స్ నములుతున్నవాడికి కూడా నిమిషంలో నిజం తెలిసిపోయింది. తెలియనిది తీర్పు చెప్పినాయనకే. సాక్ష్యం గాలి కూడా సోకని తీర్పు, అంతకన్నా నిష్పాక్షికత ఏముంటుంది?

జాయిస్ మాత్రం పెద్ద పొరపాటు చేశాడు. ఆట అయ్యాక వీడియో చూశాడు. చూసి ఊరుకున్నాడా, ఆ కుర్రాడి పర్‌ఫెక్ట్ గేమ్ తనవల్లే పోయిందని ఒప్పేసుకున్నాడు. మర్నాడు లైనప్ కార్డు (జట్టు ఆటగాళ్ల పేర్ల చీటీ) గలరాగాయే తెచ్చిస్తే కళ్లు తుడుచుకున్నాడు. అదృష్టవశాత్తు లీగ్ పెద్ద, కమిషనర్ బడ్ సెలిగ్ గట్టి మనిషి. తప్పు చేసినవాడే తప్పన్నా తీర్పు మార్చలేదు. ఫైలు క్లోజ్.

ఇక 1985 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో అంపైర్ డాన్ డెంకింగర్ సెయింట్ లూయిస్ జట్టుకు వ్యతిరేకంగా ఇచ్చిన తప్పుడు ‘సేఫ్’ సరిదిద్ది ఉంటే, ఆ ఊరి వాళ్లు ఇన్నేళ్లు దేన్ని తిట్టుకుని బతికేవాళ్లు?

అమెరికా టీవీలో ఇన్‌స్టంట్ రీప్లే 1963లోనే వచ్చింది. బేస్‌బాల్ 45 ఏళ్లు చల్లార్చుకుని 2008లో ఒక గుక్క తాగింది, అదీ మన సిక్సర్లలాంటి హోమ్ రన్లకే. క్రికెట్‌కు ఆ ఓపిక లేదు. 1992లోనే డర్బన్‌లో మన సచిన్‌ని టీవీ చూసి రనౌట్ చేశారు. 2014 నుంచి బేస్‌బాల్ అంపైర్లూ హెడ్‌ఫోన్ పెట్టుకుని న్యూయార్క్‌లో రీప్లే చూసేవాళ్ల నుంచి కబురు కోసం నిలబడుతున్నారు, పైఆఫీసు ఫోన్ కోసం చూసే గుమాస్తాల్లాగా.

ఇన్నేళ్లూ అభిమానులు నెత్తి కొట్టుకుంటే పట్టించుకోని లీగ్, 2026 సీజన్ నుంచి ఆటగాడు నెత్తి తట్టుకుంటే చాలు, పిచర్ వేసిన బంతి హద్దులో వచ్చిన స్ట్రైకో, హద్దు తప్పిన బాలో కెమెరాలను అడుగుతోంది. జట్టుకు రెండు అవకాశాలు, మాట నెగ్గితే లెక్కలోంచి పోదు. అభిమాని నెత్తికి మాత్రం ఇంకా గుర్తింపు రాలేదు.