బీటలోని పరమార్థం

ఒక శిల్పి కొయ్యలో స్త్రీలనూ జంతువులనూ చెక్కి ప్రదర్శనకు పెట్టినప్పుడు, వాటిని చూసే హక్కు ప్రేక్షకులకు ఉన్నా, అర్థం చేసుకునే బరువు మాత్రం మాలాంటి విమర్శకులదేనని ముందుగా మనవి చేస్తున్నాను. ప్రేక్షకుడు జింక చెవి ముచ్చటగా ఉందని చెప్పి ముందుకు సాగిపోతాడు. ఆ చెవి తరతరాల స్త్రీ అప్రమత్తతకు ప్రతీక అని తేల్చేదాకా మాకు నిద్ర పట్టదు.

మా శాస్త్రంలో మొదటి సూత్రం సులువైనదే. పురుషుడు గుర్రాన్ని చెక్కితే అది గుర్రం. కండరాల బిగువు గురించి నాలుగు వాక్యాలు రాస్తే చాలు. అదే గుర్రాన్ని స్త్రీ చెక్కితే కళ్లెం పడిన కోరిక అవుతుంది. ఆమె గుడ్లగూబ నిద్రలేని తల్లి, ఆమె చేప చెప్పుకోలేని మాట. ఈమధ్య చూసిన ప్రదర్శనలో ఒక కప్ప కూడా ఉంది. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాక 'రూపాంతరం' అన్న మాట దొరికి ఒడ్డున పడ్డాను.

ఈ సూత్రానికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. 1490-92 మధ్య జర్మన్ శిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడర్ లిండెన్ కొయ్యలో చెక్కిన, క్రీస్తు శిష్యురాలు మేరీ మగ్దలీన్‌కు ఒంటి మీద ఉంగరాలు తిరిగిన బొచ్చు ఉంటుంది. బట్టలు లేని తపస్వినిని కేశాలే కప్పాయని ఐతిహ్యం. ఒక్కొక్క ఉంగరాన్నీ ఉలితో తిప్పిన ఆ నైపుణ్యాన్ని మేము పొగిడి ఊరుకుంటాము. అంత బొచ్చును ఇవాళ ఒక మహిళ చెక్కితే, ఆమె బాల్యం గురించి ఆరా తీయకుండా వదలము.

ప్రదర్శనలో నన్ను నిలవేసిన బొమ్మకు మెడదాకా స్త్రీ దేహం, పైన జింక తల. ముఖాన్ని గరుకు కాగితంతో అద్దంలా నునుపు చేసి, నడుము కింద ఉలి గాట్లను అలాగే వదిలేశారు. మెడ నుంచి రొమ్ము మీదుగా, గోరు దూరేంత బీట. దాని మీద నేను ఒకటిన్నర పేజీ రాశాను. 'గాయం' అన్న మాట అందులో పదకొండు సార్లు వచ్చింది. వీపు వైపు తొలిచిన గుంత కనబడగానే 'అంతరంగ శూన్యత' అని మరో పేరా చేర్చాను.

ఉలి నూరుకుంటున్న శిల్పికి ఇది చదివి వినిపించాను. కొయ్య ఆరేటప్పుడు చెట్టు వయసు వలయాల వెంబడి కుదింపు, కేంద్రం వైపు కుదింపుకు ఇంచుమించు రెట్టింపు ఉంటుందని, అందుకే దుంగ నడిమి భాగాన్ని తీసేయకపోతే ఎక్కడో ఒకచోట పగలక తప్పదని ఆమె ఓపికగా చెప్పారు. "అందుకే వీపు తొలిచానండీ. కాస్త ఆలస్యమైంది, అప్పటికే పగిలింది."

జర్మనీలోని ఒక గుహలో 1939లో ముక్కలుగా దొరికిన, దాదాపు 40,000 ఏళ్ల నాటి సింహమానవ విగ్రహం నాకు ఆ క్షణాన గుర్తుకొచ్చింది. అది మామత్ అనే, అంతరించిన ఏనుగు జాతి జంతువు దంతమే గానీ కొయ్య కాదు, అయినా మా వృత్తికి అంతకు మించిన ఆదర్శం లేదు. అది ఆడదా మగదా అని పండితులు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. చెక్కిన మనిషి పక్కన కూర్చుని ఉలి నూరుకోలేదు గనుక ఆ వాదనకు ఏ అంతరాయమూ కలగలేదు.

వెళ్తూ వెళ్తూ, చివరి ఆశగా, కప్ప సంగతి అడిగాను.

"అది కప్పేనండీ," అన్నారు.

వ్యాసం అప్పటికే అచ్చుకు వెళ్లిపోయింది.